మాసిక ముక్క

కుట్టు దుకాణం నుంచి,
చలి తగ్గుతున్న రోజులు

మరదలు పిల్లకి,

మీ వదిన రాస్తున్నది. ఉత్తరం చూడగానే కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదనే అనుకుంటున్నాను. అడగవలసిన మాట ముందే అడిగేస్తాను, మిగతావి నింపాదిగా. మీ అన్నయ్య గాని నీ దగ్గరికి వచ్చాడా?

చలి మొదలైనప్పుడు బొత్తాలు తెస్తానని వెళ్ళాడు. నేను కుట్టిన ఆకుపచ్చ చారల చొక్కా తొడుక్కున్నాడు. కత్తెర బల్ల మీద అలాగే ఉంది, టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టి వెళ్ళాడు. ఏ బొత్తాలకి ఇన్నాళ్ళు పడుతుంది చెప్పు? ముందు రోజు ఆయన కత్తిరించిన కోటు తీసి చూస్తే రెండు చేతులూ ఎడమ చేతులే. పెళ్ళయిన నాటి నుంచీ ఆ మనిషి కత్తెర తప్పడం నేను చూడలేదు. మనసు ఎక్కడో పెట్టుకుని కత్తిరించాడని అర్థమైంది. ఆ ఎక్కడో ఎక్కడన్నదే అర్థం కాలేదు. వీధిలో వాళ్ళకి నాకంటే బాగా అర్థమైనట్టుంది, నన్ను చూడగానే మాట మారుస్తున్నారు.

మా పని నీకు తెలిసిందే. ఆయన కత్తిరిస్తే నేను కుడతాను. పెద్ద బట్ట మీద నేను కత్తెర పెడితే గీత వంకర పోతుంది. అందుకని ఇప్పుడు కోట్లూ గౌనులూ ఒప్పుకోవడం లేదు. బల్ల కింద పడి ఉన్న మిగులు ముక్కలతో చిల్లర సంచులు, తల పట్టీలు, సూదుల దిండ్లు, జడలో పెట్టుకునే గుడ్డ పువ్వులు కుడుతున్నాను. జనం బాగానే కొంటున్నారు. నిజం చెప్పాలంటే చేతులకి పని లేకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

కింది ముక్కలు అయిపోవచ్చాయి. అటక మీద మీ అమ్మగారి పెట్టె ఒకటి ఉంది కదా, అది తెరుద్దామా అని చూస్తున్నాను. నువ్వు ఈ ఇంటి ఆడపడుచువి, నీతో చెప్పకుండా తెరిస్తే రేపు వచ్చి నన్ను దులిపేస్తావు.

అన్నయ్య సంగతి ఏ మాత్రం తెలిసినా వెంటనే రాయి. కోపంగా ఉన్నాడని రాసినా సరే. లేడని మాత్రం రాయకు.

నీ వదిన


రొట్టెల దుకాణం పైగది నుంచి

వదినకి,

నీ ఉత్తరం చదివి చేతికున్న పిండి కడుక్కోవడం కూడా మర్చిపోయాను. అన్నయ్య ఇక్కడికి రాలేదు. వస్తే నీకు రాయకుండా ఉంటానా? మొగవాళ్ళు అప్పుడప్పుడు ఇలా అలిగి వెళ్ళి, ఆకలేసినప్పుడు వస్తారు. మా యజమాని కూడా అంతే, భార్యతో మాట పట్టింపు వస్తే బట్టీ గదిలో పడుకుంటాడు.

నా సంగతి మామూలే. కింద రొట్టెలు కాలుతుంటే పైగదిలో నా కాళ్ళు కాలుతుంటాయి. చలికాలమంతా రాజభోగం, మిగతా కాలం నువ్వే ఊహించుకో.

ఆ పెట్టె మాత్రం ఆలోచించి తెరువు. అందులోవి మామూలు మిగులు కాదు, మాసిక ముక్కలు. నువ్వు వచ్చేసరికే అమ్మకి ఓపిక తగ్గింది గానీ, మా చిన్నప్పుడు కుట్టిన ప్రతి బట్ట నుంచీ జానెడు ముక్క తీసి, మూలన ఆ మనిషి గుర్తు దారంతో వేసి దాచేది. ఎప్పుడైనా చిరిగితే అదే గుడ్డతో మాసిక వెయ్యడానికి. "బట్ట బతికున్నంత కాలం దాని ముక్క దానిదే. తొడిగినవాళ్ళు వద్దనేదాకా దాంతో ఇంకోటి కుట్టకూడదు" అనేది. ఒకసారి నేను బొమ్మకి గౌను కుడదామని ఒక ముక్క తీసి కత్తెర పెట్టబోతే చెయ్యి మీద కొలబద్దతో ఒకటి వేసింది. ఆ దెబ్బ నాకు గుర్తు లేదు. ముక్కని మళ్ళీ మడత పెట్టే ముందు అమ్మ వెలుతురుకి పట్టుకుని, కత్తెర తగిలిందేమోనని అంచులన్నీ వెతకడం గుర్తుంది.

పాతకాలపు మాటలులే. ఆ బట్టల్లో సగం ఈపాటికి ఇల్లు తుడిచే గుడ్డలైపోయి ఉంటాయి. తెరుచుకో, నా తరఫున అనుమతి.

నీ చేత్తో ఒక కళ్ళజోడు సంచి కూడా కుట్టి పంపవూ? నాకే. ఈ మధ్య చూపు కాస్త మందగించింది.

నీ మరదలు


కుట్టు దుకాణం నుంచి,
ఈదురుగాలుల రోజులు

మరదలు పిల్లకి,

పెట్టె తెరిచాను. తెరవకుండా ఉండవలసింది.

ముందు చాలా సంతోషపడ్డాను. ఎన్ని రంగులు, ఎంత మంచి గుడ్డ. మీ అమ్మగారు పోయాక కూడా మీ అన్నయ్య నాకు చెప్పకుండానే ఆ అలవాటు మానలేదు కాబోలు, మా కాలంవి కూడా పైన ఉన్నాయి. గోధుమరంగు ఉన్ని ముక్క మూలన బాకా గుర్తు ఉంది, బ్యాండులో బాకా వాయించే ముసలాయన కోటుది. దాంతో మూత ఉన్న చిల్లర సంచి కుట్టాను. బూడిదరంగు ముక్కతో అయిదు రేకుల పువ్వు చేశాను, అది మంత్రసాని గౌనుది.

పువ్వు ఆ రోజే అమ్ముడైంది. మర్నాడు బాకా ఆయన వచ్చాడు. కోటు వీపు మీద పెద్ద చిల్లి. పురుగు కొట్టినట్టు లేదు, నిప్పు పడినట్టు లేదు, అంచులు కత్తెరతో తీసినంత నున్నగా ఉన్నాయి. మాసిక వెయ్యమన్నాడు. ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు నేను ఊరికే, నిజంగా ఊరికే, ఆ చిల్లర సంచి తీసి చిల్లి మీద పెట్టాను. మూత వంపుతో సహా సరిపోయింది.

"ఇక్కడ గోక్కుంటే కూడా తెలియడం లేదమ్మా" అన్నాడు. సూది మొనతో ఆయన వీపు మీద తాకాను. కాస్త గట్టిగానే. ఆయన బ్యాండు కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

కోటు ఉంచి మళ్ళీ రమ్మని పంపించి సంచి కుట్లు విప్పేశాను. ఆ ముక్కతోనే కోటుకి మాసిక వేశాను. కోటు తీసుకెళ్ళినవాడు సాయంత్రానికే తిరిగి వచ్చి వీపంతా ఒకటే దురదని గోల పెట్టాడు. ఒక మొగవాడు గోక్కుంటుంటే చూసి అంత ఆనందపడ్డ ఆడది ఈ లోకంలో నేను ఒక్కదాన్నే అయి ఉంటాను.

మంత్రసాని సంగతే నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆమె గౌను భుజం మీద అయిదు రేకుల చిల్లి పడింది. పువ్వు కొన్నది దారిన పోయే మనిషి, ఎక్కడని వెతకను? వేరే గుడ్డతో మాసిక వేశాను, పొద్దుటికి కుట్లన్నీ జారిపోయాయి. ఆమె ఇప్పుడు పుట్టిన బిడ్డల్ని ఆ భుజాన వేసుకోవడం మానేసింది. వేసుకుంటే బిడ్డ ఉన్నదీ లేనిదీ తెలియడం లేదట. నవ్వుతూనే చెప్పింది గానీ నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

పెట్టెకి తాళం వేశాను. నీ కళ్ళజోడు సంచి కొత్త గుడ్డతో కుడతాను, భయం లేదు. కొలత రాయి.

మీ అన్నయ్య ఉంటే ఏం చెయ్యాలో చెప్పేవాడు. కనీసం నాతో పాటు భయపడేవాడు.

నీ వదిన


రొట్టెల దుకాణం పైగది నుంచి

వదినకి,

ఒంటరిగా ఉండి ఉండి ఏవేవో ఊహించుకుంటున్నావు. ముసలాయన కోటు ఎన్నేళ్ళ నాటిదో, చిల్లి పడక ఏం చేస్తుంది? వేళకి తిను, నిద్రపో. పోయినసారి నాలుగు పేజీలు రాశావు, అందులో తిండి మాట ఒక్కటి లేదు.

కళ్ళజోడు నా అరచేయి కంటే పొడవు. అద్దాలు సీసా అడుగంత మందం. సంచి చొక్కా జేబులో పట్టాలి, మరీ బిగుతుగా ఉండకూడదు. చేత్తో తడుముకున్నా నోరు ఎటుందో తెలిసేలా కుట్టు.

అన్నయ్య గురించి ఇంకా ఏమీ తెలియలేదు. నువ్వు దిగులు పెట్టుకోకు. ఎక్కడున్నా వేళకి ఇంత తిని సుఖంగానే ఉండి ఉంటాడు.

పని ఎక్కువగా ఉంది, ఇంతే రాస్తున్నాను.

నీ మరదలు


కుట్టు దుకాణం నుంచి,
ఎండలు ముదిరాక

మరదలు పిల్లకి,

కళ్ళజోడు సంచి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. నోటి దగ్గర లావు దారంతో గట్టు వేశాను, చీకట్లో తడిమినా తెలుస్తుంది.

నువ్వు చొక్కాలు తొడగడం ఎప్పుడు మొదలుపెట్టావు? నేను నీకు కుట్టిన గౌనుల్లో ఒక్కదానికీ జేబు లేదు. పెడతానంటే "నడుము దగ్గర ఎత్తుగా కనిపిస్తుంది వదినా" అని పేచీ పెట్టేదానివి. పోనీలే, మనుషులు మారతారు. చూపు మందగించిన మనిషివి అక్షరాలు మాత్రం ఆవగింజల్లా రాస్తున్నావు, అదీ మంచిదే.

కొత్త గుడ్డతో కుడతానన్నాను, కుట్టలేదు. పెట్టె తాళం మళ్ళీ తీశాను. ఈ ముక్క ఏ బట్టదో చూడగానే నీకు తెలుస్తుంది. తొడిగిన మనిషిని అడిగి కత్తిరిద్దామంటే మనిషి లేడు. ఉన్నాడో లేడో తెలియకుండా నేను ఇంకో కాలం గడపలేను. రోజూ ఆ సగం టీ గ్లాసు చూస్తున్నాను, ఇప్పటికీ కడగలేదు. ఎక్కడో పోయి ఉంటే ఆ బట్టా పోయి ఉంటుంది, ఏమీ జరగదు. లేకపోతే జరుగుతుంది. ఏదైనా సరే నాకు తెలియాలి.

ఆయన పెద్ద కత్తెరే పట్టుకున్నాను. చాలాసేపు కూర్చుని, ఒక్కసారి కత్తిరించాను. గీత వంకర పోలేదు.

మీ ఇంట్లో ఏదైనా చిరిగితే రాయి. ఏమీ చిరగకపోతే అదీ రాయి.

వదిన


రొట్టెల దుకాణం పైగది నుంచి

వదినా,

నీ కాళ్ళు పట్టుకుంటాను, నన్ను తిట్టు గానీ ముందు ఇది చదువు. అన్నయ్య ఇక్కడే ఉన్నాడు. బొత్తాలకని బయలుదేరిన రోజే వచ్చాడు. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు.

నువ్వు అనుకున్నట్టు ఎవరూ లేరు. అన్నయ్యకి చూపు పోతోంది. సుద్ద గీత కనపడటం లేదు. ఎన్నాళ్ళుగానో చేత్తో తడుముకుని కత్తిరిస్తున్నాడు, నీకు తెలియకుండా. ఆ కోటుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించానని తెలిసిన రోజు భయపడ్డాడు. "కత్తెర పట్టలేని కత్తిరింపువాణ్ణి ఆవిడ ఏం చేసుకుంటుంది? జాలిపడుతుంది. నేను భరించలేను" అంటాడు. నేను ఎంత చెప్పినా వినలేదు. కళ్ళజోడు సంచి తనకే.

నీ సంచి ఇంకా అందలేదు, అంతకు ముందే జరిగింది. పొద్దున టీ తాగుతున్నాడు. ఆకుపచ్చ చారల చొక్కానే తొడుక్కున్నాడు. యజమాని తన పాతవి ఇచ్చినా వద్దంటాడు, నువ్వు కుట్టింది నలగదంటాడు. నేను చూస్తుండగానే ఎడమవైపు జేబు కింద బట్ట లేకుండా పోయింది. చప్పుడు లేదు, చిరగడం లేదు. ఉన్నది లేదు, అంతే. సంచి వచ్చాక దాని మీద పెట్టి చూశాను. నువ్వు రాసింది నమ్మనందుకు నాకు తగిన శాస్తే జరిగింది.

అన్నయ్య సంచి చేతిలోకి తీసుకుని మూలన ఉన్న గుర్తు వేలితో తడిమాడు. "ఇది నాది. కత్తెర గుర్తు" అన్నాడు. కాసేపు నవ్వాడు. తరవాత చెయ్యి గుండె మీద పెట్టుకుని, "ఇక్కడ కొట్టుకోవడం తెలియడం లేదే" అన్నాడు. నేను చెయ్యి పెట్టి చూశాను, కొట్టుకుంటోంది. తనకి తెలియడం లేదు. ఇప్పుడు ఆ తెలియకపోవడం మెల్లగా భుజం దాకా వచ్చింది.

నేనే సంచి విప్పి మాసిక వేశాను. నా కుట్లు ఒక్కటీ నిలవలేదు, దారం వానపాములా జారిపోయింది. మళ్ళీ సంచి కుట్టి పెట్టాను. ఏం చెయ్యమంటావు?

నీ మరదలు


కుట్టు దుకాణం నుంచి

మరదలికి,

నీ మీద కోపం తరవాత చూసుకుంటాను, అది ఎక్కడికీ పోదు.

చూపు పోతోందని చెబితే నేను వెళ్ళగొడతానా? జాలిపడతానట. వీధి వీధంతా నన్ను చూసి జాలిపడింది, ఆయనకి అది కనపడలేదు. ఎలా కనపడుతుంది, నీ పైగదిలో వెచ్చగా కూర్చుంటే. నేను ఇన్నాళ్ళూ ఏ ఆడదాని మొహం ఊహించుకుని ఏడ్చానో ఆ మొహం లేదట. సంతోషించనా, నెత్తి కొట్టుకోనా?

ఆయన్ని బస్సు ఎక్కించు. చొక్కా విప్పనివ్వకు. సంచి జేబులో పెట్టి పంపు. ఆ మాసిక నా చేత్తోనే పడాలి.

వదిన


రొట్టెల దుకాణం పైగది నుంచి,
వానాకాలం

వదినకి,

అన్నయ్య చేరాడని బస్సు డ్రైవరు చెప్పాడు. నీ దగ్గర్నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. వరసగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. మాసిక నిలిచిందా? గుండె తెలుస్తోందా?

ఇంకో మంచి మాట. ఇక్కడి కంటి డాక్టరు అన్నయ్యని అంతకు ముందే చూశాడు. ఒక కన్ను పోయినట్టేనట, రెండోది ఆపరేషను చేస్తే నిలుస్తుందట. వానలు తగ్గగానే తీసుకురమ్మన్నాడు. ఆ తరవాత అయితే లాభం లేదని గట్టిగా చెప్పాడు. అన్నయ్యకి ఈ సంగతి తెలుసు, నీకు చెప్పే ఉంటాడు. వానలు వెనకబట్టగానే పంపు. నువ్వు కూడా రా, ఇక్కడ నాలుగు రోజులు ఉండి, నన్ను తిట్టాల్సినవన్నీ ఎదురుగా తిట్టి వెళ్ళు.

నీ మరదలు


కుట్టు దుకాణం నుంచి

మరదలు పిల్లకి,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. చేతి నిండా పని.

మీ అన్నయ్య క్షేమం. బస్సు దగ్గరికి నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. వీధంతా చూసింది, చూడనీ. ఇంటికి రాగానే టీ గ్లాసు కడిగి, కొత్త టీ పోసి ఇచ్చాను. పూర్తిగా తాగాడు.

సంచి విప్పి ముక్క సాపు చేశాను. చొక్కా విప్పమంటే బొత్తాల దగ్గర వేళ్ళు తడబడ్డాయి. వేలి కొసతో దారం నంబరు చెప్పే మనిషి. ఆ తడబాటు నేను చూడలేకపోయాను. ఒంటి మీద బట్ట ఉండగా సూది పెట్టకూడదని మీ అమ్మగారు ఎన్నిసార్లు చెప్పారో నాకు తెలుసు. అయినా ఉంచమన్నాను. ఒంటి మీదే కుట్టాను. అంత సన్నని కుట్లు నా జన్మలో వెయ్యలేదు. సగం దాకా ఆయనకి ఏమీ తెలియలేదు. సగం దాటాక "చురుక్కుమంది" అన్నాడు. ఆ తరవాతి కుట్టుకి "నీ చెయ్యి చల్లగా ఉంది" అన్నాడు. నేను ఏడుస్తూనే ముడి వేశాను.

స్నానానికి చొక్కా తియ్యబోతే రాలేదు. బొత్తాలు వచ్చాయి, చేతులు వచ్చాయి, మాసిక ఉన్న చోట మాత్రం రాలేదు. వెలుతురులో దగ్గర పెట్టుకుని చూశాను. కుట్టు బట్ట దగ్గర ఆగలేదు. రక్తం లేదు, వాపు లేదు, నొప్పీ లేదు, లాగితే తప్ప. చొక్కా ఒంటి మీదే ఉతుకుతున్నాను, ఎండలో కూర్చోబెట్టి ఆరబెడుతున్నాను. మొదట్లో ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

దారం రెండో కొస కోసం వెతికాను, కనపడలేదు. మొన్న ఆయన గోడ పట్టుకుని గుమ్మం దాటి వీధిలోకి నాలుగు అడుగులు వేసేసరికి ఇక్కడ కుట్టు మిషను దగ్గర నాకు రొమ్ము కింద చురుక్కుమంది. అప్పుడు తెలిసింది అది ఎక్కడుందో. పిలిచాను, వెనక్కి వచ్చాడు.

విప్పడం కష్టమేమీ కాదు. వేసిన ముడి నాదే, చిన్న కత్తెర మొన పెడితే మొత్తం ఊడి వస్తుంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మళ్ళీ కోట్లు ఒప్పుకుంటున్నాం. ఆయన చేతి మీద నా చెయ్యి పెడతాను, కత్తెర నడుస్తుంది. కుడి చెయ్యి కుడి చెయ్యిలానే వస్తోంది. చూపు నాకు ఉంది కదా, ఇద్దరికీ సరిపోతుంది.

వానలు తగ్గాయా అని మాత్రం రోజూ అడుగుతున్నాడు. ఇంకా పడుతున్నాయని చెబుతున్నాను. చూరు మీద చప్పుడు వినపడటం లేదేం అంటే, తుంపర అన్నాను. నీ డాక్టరుకి మా కోసం ఎదురుచూడొద్దని చెప్పు.

పెట్టె సర్దుతుంటే నీ నీలం గళ్ళ గౌను ముక్క కనిపించింది, మూలన పిట్ట గుర్తు ఉంది. ఆ గౌను నువ్వు ఇంకా తొడుక్కుంటున్నావని మీ అన్నయ్య చెప్పాడు. రంగు ఏమీ పోలేదు. మెడకి కట్టుకునే పట్టీకి చక్కగా సరిపోతుంది గానీ నేను ముట్టుకోలేదు, మళ్ళీ మడిచి పైనే పెట్టాను. నువ్వు నా ఒక్కగానొక్క ఆడపడుచువి, నీకు ఏదైనా అయితే నాకు మాత్రం ఎవరున్నారు?

ఆరోగ్యం జాగ్రత్త. ఆయనకి విడిగా ఉత్తరాలు రాయకు. ఎలాగూ చదివి వినిపించేది నేనే.

నీ వదిన